అమ్మే ముందు ఒకసారి గీకి చూడండి

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తింది. నీరు తీశాక వీధిలోకి చేరిన సామానులో పరుపులు, ఫ్రిజ్‌లతో పాటు ఉబ్బి విచ్చుకుపోయిన అల్మారాలూ మంచాలూ ఉన్నాయి. పొట్టును జిగురుతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చిందంటే మళ్లీ దారికి రాదు. టేకు అలా కాదు. నానినా, నీడన నెమ్మదిగా ఆరితే చాలావరకు నిలబడుతుంది. ముందుగా పాడయ్యేది పైనున్న పాలిష్ మాత్రమే.

అలాంటి టేకు సామాను డెల్టా ఊళ్లలో ఇంకా ఉంది. విజయవాడ నుంచి ఏలూరు దారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే, నూజివీడు, గుడివాడ వైపు రోడ్లు కలిసేచోట హనుమాన్ జంక్షన్. ఆ చుట్టుపక్కల పాత పెంకుటిళ్లలో పందిరి మంచాలు, పడక కుర్చీలు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు కనిపిస్తాయి. ఇల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు వాటిని పాత కలప లెక్కన అమ్మేస్తుంటారు. నల్లగా, జిడ్డుగా ఉన్నాయన్నదే వాటి మీద ఫిర్యాదు.

ఆ నలుపులో ఎక్కువ భాగం చెక్కది కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న చేతి జిడ్డు, వంటింటి పొగ, పొర మీద పొరగా వేసిన పాలిష్.

ముందు ఆ పాలిష్ ఏదో తేల్చుకోవాలి. మంచం కోడు లోపలి వైపు, కంటికి ఆననిచోట, స్పిరిట్‌లో తడిపిన గుడ్డను కాసేపు అదిమి పట్టాలి. పైపొర మెత్తబడి గుడ్డకు గోధుమరంగు అంటితే అది లక్క పాలిష్. లక్క పురుగు స్రవించే ఆ పదార్థం ఎంత పాతదైనా సాధారణంగా స్పిరిట్‌కు కరుగుతుంది కాబట్టి సగం పని గుడ్డతోనే అయిపోతుంది. కరగకపోతే వార్నిషో, పెయింటో అయ్యుండాలి. పాత పెయింటైతే జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా రుద్ది, ఆ దుమ్మును పిల్లలున్న ఇంట్లో రేపకూడదు.

తర్వాత ఉప్పు కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 వరకు వరసగా వెళ్లాలి. కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, చెక్క గీతలు ఎటు సాగితే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీరలు అప్పటికి కనిపించవు, రంగు వేశాక బయటపడతాయి. మొదట నల్లటి బంక కాగితానికి పట్టేస్తుంది. కాసేపటికి రాలే పొడి గోధుమరంగుకు, ఆ తర్వాత తేనెరంగుకు మారుతుంది. టేకు వాసన గుప్పుమంటుంది. అక్కడికి అసలు చెక్క దొరికినట్టే.

ఆ పొడిని పారేయకుండా జిగురుతో కలిపితే చిన్న పగుళ్లకు లప్పం అవుతుంది. కొండపల్లి కళాకారులు బొమ్మల అవయవాలను అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. అయితే జిగురు ఉన్నచోట రంగు సరిగా పీల్చుకోదు కాబట్టి లప్పాన్ని పగులు వరకే ఉంచి, మిగిలింది రుద్దేయాలి.

రంగు అన్ని చెక్కలకూ అక్కర్లేదు. నూజివీడు వీణలకు వాడే పనస చెక్కనే చూడండి. కొత్తగా కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ తనంతట తానే ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది. రుద్దాక పచ్చగా తేలిందని కంగారుపడి ముదురు రంగు పూస్తే ఆ అందం పోతుంది. టేకుకు రంగు వేయాలంటే ముందు బల్ల అడుగున పూసి చూసుకోవాలి. పూసిన కొద్ది నిమిషాల్లోనే మిగులు తుడిచేయాలి.

ఇక పాలిష్. లీటరు స్పిరిట్‌కు సుమారు 150 గ్రాముల లక్క వేసి, కరిగాక వడగట్టి, మెత్తటి గుడ్డలో దూది చుట్టి పలచగా పూయాలి. పొర ఆరాకే మరో పొర. డెల్టాలో ఈ పనికి వానాకాలం పనికిరాదు. స్పిరిట్ ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ అక్కడే చేరి పాలిష్ తెల్లగా పాలిపోతుంది. పూర్తయ్యాక కూడా లక్క మీద వేడి గ్లాసు, తడి చెంబు పెట్టకూడదు. భోజనాల బల్లకైతే పాలీయూరిథేన్ మేలు.

పని చేసినంతసేపూ ముక్కుకు మాస్కు ఉండాలి. కలప దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. స్పిరిట్ పక్కన దీపం, పొయ్యి వద్దు. పాలిష్‌కు బదులు అవిసె నూనె పూస్తే, పూసిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి.

సంక్రాంతి వెళ్లాక గాలి కాస్త పొడిబారుతుంది. మొదటిసారే పందిరి మంచం జోలికి వెళ్లకండి. అటక మీది పాత పీట ఒకటి దించి, దానిమీద చేయి తిప్పి చూడండి. పాత సామాను కొనేవాళ్లకు కబురు పంపడం ఆ తర్వాత చూసుకోవచ్చు.