వారంలో మూడు గంటలు, మిగిలిన 165 గంటలు

తాగుడు మాన్పించాలంటే ఎక్కడ చేర్పించాలి, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎంతవుతుంది? ఈ మూడూ అందరూ అడుగుతారు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మర్నాడు, సాయంత్రం ఏడింటికి నోరు పీకుతుంటే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ వేళకు పనికొచ్చేవే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు. తాగుడు మానేసినవాళ్లూ, మానాలనుకునేవాళ్లూ ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే బృందం ఇది. క్లుప్తంగా ఏఏ అంటారు.

ఇది పుట్టిందే అలాంటి ఒక సాయంత్రం. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరానికి పనిమీద వెళ్లిన బిల్ విల్సన్ తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. వెళ్లిన పని చెడింది. హోటల్లో బార్ పిలుస్తోంది. ఆయన బార్‌లోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికెళ్లి, తనలాంటి మరో తాగుబోతు ఎవరైనా ఊళ్లో ఉన్నారా అని వాకబు చేశాడు. అలా దొరికినవాడే బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ ఇద్దరితో మొదలైన ఏఏ ఇప్పుడు సుమారు 180 దేశాల్లో ఉంది.

మన దేశంలో దీని అవసరం ఎంత? 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లు సుమారు 2.9 కోట్ల మంది. వాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆ 38 మందినీ ఒక ఊరి బస్సు ఎక్కిస్తే, సాయం దొరికే స్టాపులో దిగేది ఒక్కరన్నమాట.

మరి మాటలతో తాగుడు మానుతుందా? వైద్య పరిశోధనలను పోగేసి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. నిపుణులు పద్ధతిగా ఏఏ బాట పట్టించినవాళ్లలో ఏడాది తర్వాత చుక్క ముట్టనివాళ్లు నూటికి 42 మంది. కౌన్సెలింగ్ వంటి ఇతర చికిత్సల్లో 35 మంది. సగానికి పైగా మళ్లీ తాగారన్న నిజాన్ని దాచలేం. అయినా నూటికి ఏడుగురు అదనంగా నిలబడ్డారంటే ఏడు ఇళ్లు నిలబడ్డట్టే. నా లెక్కలో అది చిన్న సంఖ్య కాదు.

ఒక్క హెచ్చరిక. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానేయకూడదు. చివరి గ్లాసు తర్వాత ఒక రోజులోపే చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికే వస్తుంది. కాబట్టి ముందు డాక్టరు, ఆ తర్వాతే మీటింగు. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో దీనికి చికిత్స ఉంది.

దారి చెప్పడానికి ఉచిత ఫోన్ నంబర్లున్నాయి. 14446 కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇందులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏఏ వాళ్ల వెబ్‌సైటులోనూ మీటింగుల వివరాలుంటాయి. గది, వేళ మారుతుంటాయి గనక బయల్దేరే ముందు ఫోన్ చేయండి. ఊళ్లో మీటింగు లేనివాళ్లకు, విదేశాల్లో ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ మీటింగులున్నాయి.

లోపల ఏం జరుగుతుంది? కుర్చీలు, టీ, గంట నుంచి గంటన్నర. ఒక్కొక్కరు పేరు మాత్రమే చెప్పి తమ కథ చెబుతారు. మధ్యలో అడ్డుపడి సలహాలివ్వరు. మీ వంతు వస్తే "ఈరోజు వింటానండీ" అంటే చాలు. ఇంటిపేరు, ఉద్యోగం అడగరు. విన్నది బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే నియమం. మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత లేదు, ఫీజూ లేదు. చివర్లో సంచి తిరుగుతుంది, వేసినా వేయకపోయినా అడిగేవారుండరు. దేవుడి మాట వస్తుంది గానీ, ఏ దేవుడన్నది మీ ఇష్టం. నమ్మకం లేనివాళ్లూ వస్తుంటారు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భర్తతో వెళ్లాలనుకునే భార్య ముందే ఈ తేడా కనుక్కోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. వారానికి రెండు మీటింగులంటే ఎక్కువలో ఎక్కువ మూడు గంటలు. వారంలో ఉన్నవి 168. మిగిలిన 165 గంటలూ జీతం అందిన రోజు, బావమరిది పెళ్లి, వైన్ షాపు మీదుగా ఇంటికెళ్లే దారి. అందుకే మొదటి రోజు గది నుంచి కనీసం ఇద్దరు సభ్యుల ఫోన్ నంబర్లు తెచ్చుకోండి. కొన్నాళ్లయ్యాక స్పాన్సర్‌ను, అంటే చేయిపట్టి నడిపించే పాత సభ్యుణ్ని అడగొచ్చు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే విసుక్కుంటారేమోనని జంకొద్దు. అవతలి మనిషి కూడా అలా మాట్లాడే తాగకుండా నిలబడుతున్నాడు.

మళ్లీ తాగితే? పేరు కొట్టేయడానికి అక్కడ రిజిస్టరే లేదు. మానిన రోజుల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, కుర్చీ ఉంటుంది.

ఇంట్లో తాగే మనిషి రానే రానంటే? అప్పుడు మీరు వెళ్లండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం బిల్ భార్య లోయిస్, మరో సభ్యుడి భార్యతో కలిసి 1951లో అల్-అనాన్ మొదలుపెట్టారు. ఆయన మానాడా లేదా అన్నది అక్కడ అడగరు. ఎన్నాళ్లుగా నిద్రలేదమ్మా అని మిమ్మల్ని అడుగుతారు.