భారలోహ నిర్మూలన చికిత్స – ఖనిజాల క్షీణత

సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషపదార్థాలు దేహంలో పరిమితిని మించినప్పుడు వాటిని తొలగించడానికి వైద్యులు అనుసరించే పద్ధతి 'కీలేషన్'. గ్రీకు భాషలో 'కీలే' అంటే పీత డెక్క. ఔషధపు అణువు డెక్కతో పట్టినట్లుగా లోహాన్ని బంధించి, ప్రధానంగా మూత్రం ద్వారా బయటికి పంపుతుంది.

అయితే ఈ పట్టు విషలోహాలకే పరిమితం కాదు. దేహానికి అవసరమైన జింకు, రాగి వంటి ఖనిజాలు కూడా దానికి చిక్కుతాయి. సీసపు విషప్రభావానికి వాడే కాల్షియం డైసోడియం ఇ.డి.టి.ఎ. జింకును క్షీణింపజేస్తుంది, మూత్రపిండాలకూ హాని కలిగించవచ్చు. ఈ పేరులో 'కాల్షియం' అనే మాట లేని డైసోడియం ఇ.డి.టి.ఎ. వేరొక ఔషధం. అది రక్తంలోని కాల్షియాన్నే బంధిస్తుంది. కాల్షియం హఠాత్తుగా పడిపోతే కండరాలు బిగుసుకుంటాయి, గుండె లయ తప్పుతుంది. అమెరికాలో 2003–2005 మధ్య కీలేషన్ అనంతరం ఈ కారణంగా ముగ్గురు మరణించారు. వారిలో ఇద్దరు పసిపిల్లలు. పేరులోని ఒక్క మాట ప్రాణానికి సంబంధించినదని దీనివల్ల స్పష్టమవుతుంది.

కాబట్టి రక్తపరీక్షలో విషలోహం నిర్ధారణ కాకుండా ఈ చికిత్సకు పూనుకోవడం శ్రేయస్కరం కాదు. చికిత్సాకాలంలో ఖనిజాల స్థాయిని, మూత్రపిండాల పనితీరును వైద్యులు పరిశీలిస్తూ ఉండాలి. 'డిటాక్స్' పేరుతో సొంతంగా చేసుకొనే ప్రయోగాలలో లోపించేది ఈ పర్యవేక్షణే.