పుస్తకాల షాపుకు పోదాం

కూరగాయల బండి దగ్గర బేరం చేయడానికి ఏ అక్కా వెనకాడదు. చీరల షాపులో పది చీరలు తీయించి చూస్తుంది. నచ్చకపోతే ఒక్కటి కూడా కొనకుండా లేచి వస్తుంది. కానీ పుస్తకాల షాపు మెట్లెక్కాలంటే మాత్రం కాళ్లు వెనక్కి లాగుతాయి. "అది చదువుకున్నోళ్ల జాగ. అక్కడ మనకేం పని?" అనుకుంటుంది. బయటే నిలబడి, బడిలో ఇచ్చిన లిస్టు కాగితం లోపలికి చాపుతుంది. అడిగినంత ఇచ్చి, ఇచ్చింది పట్టుకుని ఇంటికి వస్తుంది.

ఇక ఆ భయం అక్కర్లేదు. అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. పుస్తకాల షాపులో కావలసినవి ఆ రెండే.

ఇంకో మాట కూడా ఉంది. కత్తిపీట వాడకుండా మూలన పెడితే తుప్పు పడుతుంది. చదువు కూడా అంతే. క్లాసులు అయిపోయాక చేతిలో పుస్తకం లేకపోతే, కష్టపడి నేర్చిన అక్షరాలు ఒక్కొక్కటే జారిపోతాయి. మళ్లీ వేలిముద్ర దగ్గరికే వస్తాం. అందుకే పిల్లల కోసమే కాదు, తన కోసం కూడా అక్క పుస్తకాల షాపుకు పోవాలి.

షాపులు ఎన్ని రకాలు?

ఉప్పల్, నాచారం వైపు బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు చాలామంది. నాచారం పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలున్నాయి. పిల్లలున్న చోట బడులుంటాయి. బడులున్న చోట పుస్తకాల షాపులుంటాయి. జూన్ నెలలో బడులు తెరిచేటప్పుడు ఈ షాపుల ముందు నిలబడడానికి జాగ ఉండదు.

షాపులు రెండు రకాలు. ఒకటి, బడి పక్కన ఉండే చిన్న బుక్ స్టాల్. అక్కడ నోటుబుక్కులు, పెన్నులు, అట్టలు, గైడ్లు దొరుకుతాయి. రెండోది, ఒకే పేరుతో నాలుగైదు చోట్ల ఉండే బుక్ హౌస్. ఒక్కో చోట ఉన్న షాపును బ్రాంచి అంటారు. అక్కడ కథల పుస్తకాలు, ఆరోగ్యం పుస్తకాలు, వంటల పుస్తకాలు, చట్టాల పుస్తకాలు కూడా ఉంటాయి.

అలాంటి షాపుల్లో తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు విశాలాంధ్ర బుక్ హౌస్. చాలా ఊళ్లలో ఈ పేరుతో షాపులు నడిచాయి. 2014లో రాష్ట్రం రెండు అయింది. ఆ తర్వాత తెలంగాణలో ఉన్న షాపులు నవచేతన పేరుతో నడిచాయి. నవచేతన ప్రచురణ సంస్థ ఉప్పల్‌కు దగ్గర్లోనే, నాగోలు పక్కన బండ్లగూడలో ఉంది. నాచారానికి ఇంకో వైపు తార్నాక ఉంది. అక్కడ 'మంచి పుస్తకం' అనే సంస్థ పిల్లలకు తెలుగు పుస్తకాలు వేస్తుంది. పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న పుస్తకాలు అవి. కొత్తగా చదువు నేర్చిన పెద్దవాళ్లకు కూడా బాగా పనికొస్తాయి.

2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైంది. నాగోలు తర్వాత ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు వరసగా వస్తాయి. ఆ పేర్లు తెలుగులో కూడా రాసి ఉంటాయి. ఒక్కో పేరు చదువుకుంటూ పోవచ్చు. అది కూడా ఒక పాఠమే.

లోపలికి వెళ్లాక

పుస్తకాల షాపులో పుస్తకం తీసి చూడడం తప్పు కాదు. నాలుగు పేజీలు తిప్పి చూడొచ్చు. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. చేతులు శుభ్రంగా ఉంటే చాలు.

దొరక్కపోతే అడగాలి. "అన్నా, పెద్ద అక్షరాల కథల పుస్తకాలు ఏ వైపున్నయి?" అని అడిగితే చూపిస్తారు. కావలసిన పుస్తకం ఆ బ్రాంచిలో లేకపోతే, "వేరే బ్రాంచి నుంచి తెప్పిస్తారా?" అని అడగాలి. ఒకే పేరుతో నాలుగు షాపులు ఉంటే లాభం ఇదే. తెప్పిస్తామంటే పేరు, ఫోను నంబరు రాసి ఇవ్వాలి. రాయడం వచ్చు కదా!

పుస్తకం అట్ట ఏం చెబుతుంది?

పుస్తకానికి కూడా ఒక అడ్రసు ఉంటుంది. ముందు అట్ట మీద పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు ఉంటాయి. రాసినవాళ్లను రచయిత అంటారు. మొదటి కాగితం తిప్పితే ఇంకా కొన్ని మాటలు కనిపిస్తాయి.

ప్రచురణ అంటే ఆ పుస్తకాన్ని అచ్చు వేయించినవాళ్లు.

ముద్రణ అంటే ఎప్పుడు అచ్చు అయిందో చెప్పే మాట. ప్రథమ ముద్రణ అంటే మొదటిసారి అచ్చు. బడి పుస్తకం, చట్టాల పుస్తకం కొనేటప్పుడు ఈ సంవత్సరం తప్పకుండా చూడాలి. చట్టాలు మారుతుంటాయి. పాఠాలు మారుతుంటాయి. పాతది కొంటే డబ్బు దండగ.

ప్రతులకు అనే మాట కింద ఆ పుస్తకం ఎక్కడెక్కడ దొరుకుతుందో రాసి ఉంటుంది. షాపుల పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు అక్కడే ఉంటాయి.

వెల అంటే ధర. ఇది లోపల గానీ, వెనక అట్ట మీద గానీ ఉంటుంది. చాలా పుస్తకాల వెనక నల్లగీతలు, వాటి దగ్గర 978తో మొదలయ్యే 13 అంకెలు కూడా ఉంటాయి. అది పుస్తకానికి ఇచ్చిన నంబరు, ధర కాదు. రెండూ కలగలుపుకోకూడదు.

పేజీలు ఎందుకు లెక్క పెట్టాలి?

పుస్తకాన్ని ఒక్కో పేజీగా అచ్చు వేయరు. పెద్ద కాగితం మీద 8 గానీ 16 గానీ పేజీలు ఒకేసారి అచ్చు వేసి మడత పెడతారు. ఆ మడతను ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తారు. పేర్చేటప్పుడు ఒక్క ఫారం తప్పిపోతే మొత్తం 16 పేజీలు పోతాయి. అప్పుడు 32వ పేజీ తర్వాత 49వ పేజీ వస్తుంది. ఒక్కోసారి ఫారం తలకిందులుగా ఉంటుంది. ఒక్కోసారి అచ్చు పడక తెల్లకాగితమే ఉంటుంది.

అందుకే డబ్బు ఇచ్చే ముందు పేజీ నంబర్లు చూసుకుంటూ పుస్తకం మొత్తం ఒకసారి తిప్పాలి. తప్పు కనిపిస్తే అక్కడే చెప్పి, వేరే పుస్తకం అడిగి తీసుకోవాలి. ఇంటికి వచ్చాక కనిపిస్తే, రసీదు తీసుకుని షాపుకు పోవాలి. అది అడుక్కోవడం కాదు. డబ్బు ఇచ్చి కొన్నాం కాబట్టి మంచి పుస్తకం ఇవ్వడం వాళ్ల బాధ్యత.

ధర సంగతి

పుస్తకాల షాపువాళ్లు ప్రచురణకర్తల దగ్గర అచ్చు ధర కంటే తక్కువకు పుస్తకాలు తెచ్చుకుంటారు. ఆ తేడాను కమీషన్ అంటారు. షాపు అద్దె, పనివాళ్ల జీతం, లాభం అందులోంచే రావాలి. తమ కమీషన్‌లో కొంత వదులుకుంటే అది కొన్నవాళ్లకు తగ్గింపు. తగ్గించి తీరాలని రూలు లేదు. కానీ "తగ్గింపు ఏమైనా ఉందా అన్నా?" అని అడగడంలో సిగ్గు లేదు.

నోటుబుక్కుల ప్యాకెట్టు, పెన్సిళ్ల డబ్బా లాంటి వాటి మీద ఎమ్మార్పీ అని ఉంటుంది. ఎమ్మార్పీ అంటే ఆ వస్తువుకు తీసుకోదగిన అన్నిటికంటే ఎక్కువ ధర. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. తక్కువకు అమ్మొచ్చు గానీ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. "పన్ను వేరే" అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు.

అచ్చు పుస్తకాలకు జీఎస్టీ పన్ను లేదు. నోటుబుక్కులకు ఇంతకు ముందు 12 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది తీసేశారు. పెన్సిళ్లు, రబ్బర్లు, చెక్కుకునే షార్పనర్ల మీద కూడా ఆ రోజు నుంచే పన్ను తీసేశారు. పెన్నుల మీద మాత్రం ఉంది. రసీదులో నోటుబుక్కు పక్కన పన్ను వేసి కనిపిస్తే, "ఇది ఎందుకు వేసినరు?" అని అడగాలి.

నోటుబుక్కు కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తే చాలదు. పేజీలు కూడా చూడాలి. 100 పేజీల పుస్తకం 30 రూపాయలు, 200 పేజీల పుస్తకం 50 రూపాయలు అనుకుందాం. చిన్నవి రెండు కొంటే 60 రూపాయలు. పెద్దది ఒకటి కొంటే 50 రూపాయలే. పేజీలు అవే, 10 రూపాయలు మిగిలాయి. కొన్ని నోటుబుక్కుల మీద అట్టలతో కలిపి ఇన్ని పేజీలు అని చిన్న అక్షరాల్లో రాస్తారు. చిన్న అక్షరాలను కూడా వదలకుండా చదవాలి.

లిస్టు చదివి కొనాలి

తెలంగాణలో సర్కారు బడిలో చదివే పిల్లలకు 10వ తరగతి దాకా పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తారు. వాటిని షాపులో కొనే పని లేదు. ఇంకా రాలేదంటే ముందు బడిలో టీచరును అడగాలి.

ప్రైవేటు బడి లిస్టు అయితే ఇంట్లోనే ఒకసారి చదువుకోవాలి. తరగతి ఏది? తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా? ఏ సిలబస్? ఈ మూడూ సరిపోవాలి. పోయిన ఏడాది మిగిలిన నోటుబుక్కులు, స్కేలు, డబ్బా ఇంట్లో ఉంటే వాటిని లిస్టులో కొట్టేయాలి. గైడు వేరు, పాఠ్యపుస్తకం వేరు. లిస్టులో గైడు లేకపోతే "అందరూ కొంటున్నారమ్మా" అని షాపువాళ్లు చెప్పినా కొనక్కర్లేదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే పాత పుస్తకాలు ఉన్నాయి. కోఠిలో, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు అమ్ముతారు. అక్కడ బేరం చేయొచ్చు. అయితే ముద్రణ సంవత్సరం చూడాలి. చిరిగిన పేజీలున్నాయేమో చూడాలి.

రసీదు, చిల్లర, ఫోను

నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అక్క 500 రూపాయల నోటు పట్టుకుని షాపుకు వెళ్లిందనుకుందాం. ఆమెకు ఇచ్చిన రసీదు ఇలా ఉంది:

కథల పుస్తకం 1: 60 రూపాయలు
నోటుబుక్కులు 6, ఒక్కోటి 40: 240 రూపాయలు
పెన్నులు 4, ఒక్కోటి 10: 40 రూపాయలు
మొత్తం: 340 రూపాయలు

కథల పుస్తకం మీద నూటికి 10 తగ్గింపు ఇస్తామని గోడ మీద రాసి ఉంది. 60 రూపాయలకు 6 రూపాయలు తగ్గాలి. రసీదులో తగ్గలేదు. అక్క అడిగింది. "మర్చిపోయినమ్మా" అని షాపువాళ్లు సరిచేశారు. మొత్తం 334 అయింది. చిల్లర 166 రూపాయలు చేతికి వచ్చింది. గోడ మీది రాత చదవగలిగింది కాబట్టి ఆ 6 రూపాయలు అక్కవయ్యాయి.

ఫోనుతో డబ్బు కట్టేవాళ్లు, స్కాన్ చేశాక తెర మీద వచ్చే షాపు పేరు, డబ్బు అంకె రెండూ చదివి, ఆ తర్వాతే పిన్ను కొట్టాలి. డబ్బు వెనక్కి రావాలంటే పిన్ను అవసరం లేదు. "డబ్బు తిరిగి పంపుతాం, పిన్ను కొట్టు" అని ఎవరన్నా, అది మోసం.

రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు లేకపోతే కొన్నట్టు రుజువు లేదు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, పాడైన వస్తువు మార్చి ఇవ్వకపోయినా 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. కొనేవాళ్లను కాపాడడానికి 1986లోనే ఒక చట్టం వచ్చింది. దాని బదులు 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి నడుస్తోంది. మోసపోయినవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు కూడా పోవచ్చు.

కొనలేకపోతే?

ప్రతి నెలా పుస్తకం కొనడం అందరికీ కుదరదు. నలుగురు అక్కలు కలిసి ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం కొంటే, నలుగురికీ నాలుగు పుస్తకాలు చదవడానికి దొరుకుతాయి. గ్రంథాలయం కూడా ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయం కోసం తీసుకుంటారు. అంటే అది జనం డబ్బుతో నడిచేది. అక్కడికి పోయి చదవడం మన హక్కు.

ఒక చిన్న పుస్తకం ఏం చేస్తుందని అనిపించొచ్చు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో చదువు క్లాసులు జరిగాయి. సారా వల్ల ఒక కుటుంబం ఎలా పాడైందో వాచకంలో ఒక పాఠం ఉంది. ఆడవాళ్లు దాన్ని చదివారు. చదివి ఊరుకోలేదు, కూర్చుని మాట్లాడుకున్నారు. దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ వాచకం చిన్నదే. చదివినవాళ్లు కూడా అప్పుడప్పుడే అక్షరాలు నేర్చినవాళ్లే.

చర్చించండి

1. మీ బస్తీలో పుస్తకాల షాపు ఎక్కడ ఉంది? దాని బోర్డు మీద ఏమని రాసి ఉంది?
2. ఇంట్లో ఉన్న ఒక పుస్తకం తీయండి. రచయిత, ముద్రణ, వెల, ప్రతులకు అనే మాటలు వెతకండి.
3. ఒక నోటుబుక్కు ఎమ్మార్పీ 45 రూపాయలు. 5 పుస్తకాలకు షాపువాళ్లు 240 అడిగారు. ఎంత ఎక్కువ అడిగారు? మీరు ఏమంటారు?
4. మీ కోసం ఒక పుస్తకం కొనాలంటే ఏ విషయం మీద కొంటారు? ఎందుకు?