దీన్‌దయాళ్ పొడి ప్లేటు

"పాత ఫొటోల్లో మబ్బులెందుకుండవు సార్?" అమీర్‌పేటలో నేను ఫిజిక్స్ చెప్పే కోచింగ్ సెంటర్లో ఒకమ్మాయి అడిగింది. ఆమె ఫోన్లో ఉన్నది ఫలక్‌నుమా ప్యాలెస్ ఫొటో, రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ వారిది. మెట్లూ స్తంభాలూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆకాశం మాత్రం ఉత్త తెల్లకాగితం.

జవాబు చిన్నదే. ఆనాటి గాజు ప్లేటు మీది వెండి బ్రోమైడ్ నీలి కాంతికీ, అతినీలలోహిత కిరణాలకీ తప్ప దాదాపు దేనికీ స్పందించేది కాదు. నీలాకాశమూ తెల్లమబ్బూ దానికి ఒక్కటే. ఎరుపైతే అసలు దాని కంటికే ఆనదు. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం పెట్టుకోగలిగారంటే అందుకే. తాంబూలంతో పండిన నోరు ఫొటోలో నల్లబడిందన్నా అందుకే.

మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. అప్పటికింకా తడి ప్లేటుదే రాజ్యం. గాజు పలక మీద కలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి నైట్రేటులో ముంచి, తడి ఆరేలోపే ఫొటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చేయాలి. ఉన్న వ్యవధి పట్టుమని పది పదిహేను నిమిషాలు. రోహిణీ కార్తెలో అదీ దక్కదు. ఊరు దాటితే గుడారం, సీసాలు, నీళ్ల కుండలు అన్నీ వెంట నడవాల్సిందే.

దీనికి పోటీగా వచ్చింది పొడి ప్లేటు. కలోడియన్‌లోని ఈథర్ ఆవిరితో ఆరోగ్యం పాడై విసిగిపోయిన రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1871లో కలోడియన్‌ను పక్కనపెట్టి, వెండి బ్రోమైడ్‌ను జిలటిన్‌లో కలిపి చూశాడు. ఆరాక కూడా పనిచేసింది, కాకపోతే మహా మందకొడి. 1878లో చార్ల్స్ బెనెట్ ఆ మిశ్రమాన్ని రోజుల తరబడి వెచ్చగా ఉంచి చూపించాడు. ఊరుతున్నకొద్దీ దాని చురుకుదనం ఎన్నో రెట్లు పెరిగింది!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. వెచ్చదనానికి వెండి బ్రోమైడ్ చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటిలో కలుస్తాయి. పెద్ద స్ఫటికానికి కాంతి ఎక్కువ చిక్కుతుంది. వెలుతురు తగిలాక అందులో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, డెవలపర్ ఆ స్ఫటికం మొత్తాన్నీ వెండిగా మార్చేస్తుంది. కోట్లాది పరమాణువుల పని అంత చిన్న గుంపుతో మొదలవుతుంది. మరి ఆ నాలుగూ చేరడానికి చోటెక్కడ? అది తేలింది 1925లో. జిలటిన్‌లో లేశమాత్రంగా ఉండే గంధకం స్ఫటికాల మీద వెండి సల్ఫైడు మచ్చలు వేస్తుందని, చేరే చోటు అదేనని కొడాక్ శాస్త్రవేత్త షెపర్డ్ కనిపెట్టాడు. జిలటిన్ తీసేది పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి. గంధకం వచ్చింది అవి మేసిన ఆవాల జాతి మొక్కల నుంచి. దీన్‌దయాళ్ తీసిన నిజాం ప్రభువు ఫొటో వెనక ఏదో ఒక ఆవు మేత ఉందన్నమాట.

జిలటిన్‌తో తంటా కూడా ఉంది. ముప్పై డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది. ఎండాకాలం కడుగుతుంటే అంచుల దగ్గర పాల మీది మీగడలా ముడుచుకుని లేచిపోతుంది. పటిక నీళ్లలో ముంచి గట్టిపరచడం, మంచుగడ్డలతో తొట్టి చల్లబరచడం అప్పట్లో విరుగుళ్లు.

దీన్‌దయాళ్ వ్యాపారం నిజాం అండతో నిలబడిందంటారు. నిజమే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫరు, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినవారు. కానీ నా దృష్టిలో పొడి ప్లేటుదీ అంతే వాటా. ఆరినా పనిచేసే ప్లేటు కాబట్టి తీసేవారు ఒకరు, కడిగేవారు ఒకరు, అచ్చు వేసేవారు ఇంకొకరు కావచ్చు. 1886లో సికింద్రాబాద్‌లో, 1896లో బొంబాయిలో స్టూడియోలు నడపగలిగింది ఈ పని పంపకంతోనే. 1892లో పరదా స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య జనానా స్టూడియో పెట్టి, కెనీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. తడి ప్లేటైతే లోపల అంత సరంజామా నడిపేదెవరు?

నెగెటివ్ మీద పెన్సిల్‌తో రీటచ్ చేయడం ఆనాటి స్టూడియోల విద్య. ముడత నెగెటివ్‌లో పలచటి గీతగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ రుద్దితే కాగితం మీద తెల్లబడి మాయమవుతుంది. అచ్చు వేసేది గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద, నెగెటివ్ కింద ఉంచి ఎండ తగిలించి. ఊదా ఛాయ కలిసిన గోధుమరంగు తేలేది బంగారు లవణంతో.

1897లో విక్టోరియా రాణి నుంచి రాజ నియామక పత్రం అందింది. 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. 2,800కు పైగా గాజు ప్లేట్లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి, 2006లో తపాలా స్టాంపు వచ్చింది. గాజు పోయి ఫిల్మ్ వచ్చింది కానీ, పంజాగుట్ట స్టూడియోల్లోకి డిజిటల్ కెమెరా వచ్చేదాకా పైపూత మాత్రం అదే జిలటిన్, అదే వెండి.