కలల నాటకం.. మేల్కొన్న చట్టం

పుస్తకంలో ఆలిస్ సీసాలోని మందు తాగితే కురచైపోతుంది, కేకు తింటే తాటిచెట్టంత ఎదుగుతుంది. రంగస్థలం మీద ఆ మాయలు అంత తేలిగ్గా కుదరవు. అక్కడ నిజమైన పిల్లలు కావాలి. విక్టోరియా కాలపు లండన్‌లో ఈ కథ సంగీత నాటకమైనప్పుడు ఆ అవసరమే పెద్ద ప్రశ్నకు దారితీసింది: పసివాళ్లు వేదికెక్కడం ఆటా, పనా?

1865లో అచ్చయిన ‘ఆలిస్’ కథను నాటకంగా మలుస్తానని 1886లో హెన్రీ సావిల్ క్లార్క్ ముందుకొచ్చారు. అందులో ఎక్కడా మోటుదనం ఉండరాదని రచయిత లూయిస్ కరోల్ షరతు పెట్టారు. ఒక నాటకానికి ఒక పుస్తకమే చాలన్న ఆయన మాట మాత్రం చెల్లలేదు. మొదటి అంకంలో ‘వండర్‌ల్యాండ్’, రెండో అంకంలో 1871 నాటి ‘లుకింగ్ గ్లాస్’ కథ వచ్చి చేరాయి. వాల్టర్ స్లాటర్ బాణీలు కట్టారు. డిసెంబర్ 23న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ థియేటర్‌లో తెర లేచింది.

కరోల్ చేయి కూడా పడింది. వాల్రస్, వడ్రంగి కలిసి ఆల్చిప్పలను ఆరగించే పాట ముగింపు వేదిక మీద చప్పగా ఉంటుందని ఆయన కొత్త చరణాలు రాసిచ్చారు. వాటిలో ఆల్చిప్పల దయ్యాలు లేచి, నిద్రపోతున్న ఆ ఇద్దరి పని పడతాయి. ఆలిస్ పాత్రకు ఫీబీ కార్లో అనే బాలికను సూచించిందీ ఆయనే. నిద్రమత్తు చిట్టెలుక డార్మౌస్‌గా డొరతీ డాల్కోర్ట్ మెప్పించింది. ఆమె వయసు ఆరున్నరేళ్లు!

అప్పటికే నాటక బాలలపై చర్చ రాజుకుంటోంది. ఫ్యాక్టరీ, విద్యా చట్టాల రక్షణ వారికి ఎందుకు అందదని మహిళా ఉద్యమ నేత మిలిసెంట్ ఫాసెట్ నిలదీశారు. కరోల్ ఎదురు వాదించారు. బ్రైటన్‌లో ముగ్గురు చిన్నారి నటులతో గడిపిన రోజును వర్ణిస్తూ, వాళ్లు ఎంత హుషారుగా ఉన్నారో 1887లో పత్రికకు రాశారు. నిషేధం వద్దని, లైసెన్సు, చదువు వంటి నియమాలు చాలని ఆయన వాదన.

1889లో వచ్చిన బాలల రక్షణ చట్టం మధ్యేమార్గం పట్టింది. పదేళ్లలోపు వారందరినీ వేదికకు దూరం పెట్టాలన్న ప్రతిపాదన సడలింది. ఏడు నుంచి పదేళ్లలోపు వారికి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఏడేళ్లలోపు పిల్లలకు పూర్తిగా తలుపులు మూశారు. మూడేళ్ల ముందే ఈ చట్టం వచ్చి ఉంటే లండన్ ప్రేక్షకులకు ఆ డార్మౌస్ కనిపించేది కాదు.

మన దేశంలోనూ 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పిల్లల నటనను నిషేధించలేదు, నియమాలు పెట్టింది. 2017 నిబంధనల ప్రకారం బాల నటులతో రోజుకు అయిదు గంటలకు మించి పనిచేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వారి పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి.