ఫైలు అప్‌లోడ్: హద్దులు ఎవరు గీస్తారు?

అనకాపల్లి జిల్లా దేవరాపల్లి వంటి మండల కేంద్రంలో నేడు స్కాలర్‌షిప్పుకు గానీ, ఉద్యోగ పరీక్షకు గానీ దరఖాస్తు పెట్టాలంటే ఫొటో, సంతకం, కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ చేసి వెబ్‌సైటులో అప్‌లోడ్ చేయక తప్పదు. ఆ పనిలో చాలామందిని నిలిపివేసేది ‘ఫైలు సైజు ఎక్కువగా ఉంది’ అన్న ఒక్క వాక్యం.

బ్రౌజరు నుంచి ఫైలు పంపే పద్ధతిని జిరాక్స్ సంస్థకు చెందిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్ 1995 నవంబరులో ‘ఆర్‌ఎఫ్‌సీ 1867’ అనే పత్రంలో ప్రతిపాదించారు. దాని ప్రకారం బ్రౌజరు ఫారంలోని పేరు, పుట్టిన తేదీ, ఫొటోలను వేర్వేరు భాగాలుగా అమర్చి, లోపలి సమాచారంలో ఎక్కడా రాని ఒక గుర్తును వాటి నడుమ సరిహద్దుగా ఉంచి, అన్నిటినీ కలిపి సర్వరుకు, అంటే వెబ్‌సైటును నడిపే కంప్యూటరుకు, ఒకేసారి పంపుతుంది.

ఇందులో బ్రౌజరు విధించే హద్దులు వాడుకరి రక్షణకు ఉద్దేశించినవి. మనిషి స్వయంగా ఎంచుకోనిదే ఏ వెబ్‌సైటూ అతని ఫైలును తీసుకోలేదు. ఎంచుకున్నాక కూడా ఫైలు పేరే తప్ప, అది ఏ ఫోల్డరులో ఉందో తెలియనివ్వకుండా బ్రౌజరు ‘ఫేక్‌పాత్’ అనే కల్పిత చిరునామాను చూపిస్తుంది.

సైజు హద్దు మాత్రం ఎక్కువగా సర్వరుదే. ఎంజిన్‌ఎక్స్ అనే సర్వరు సాఫ్ట్‌వేరు, మార్చకుండా వదిలేస్తే, 1 ఎంబీకి మించిన అభ్యర్థనను 413 అనే సంకేతంతో తిప్పి పంపుతుంది. వెబ్‌సైట్ల తయారీకి వాడే పీహెచ్‌పీ భాషలో, అలాగే వదిలేస్తే, ఒక్కో ఫైలుకు హద్దు 2 ఎంబీ. ఫోను కెమెరాతో తీసిన ఫొటో తరచు ఈ రెంటినీ దాటిపోతుంది. సైజుతోపాటు ఫైలు రకానికీ సర్వరు హద్దు పెట్టవచ్చు. ఫైలు పేరు చివర ‘పీఎన్‌జీ’ తీసి ‘జేపీజీ’ అని రాసినంత మాత్రాన లోపలి బొమ్మ రకం మారదు కనుక, జాగ్రత్తగా తయారైన సర్వరు పేరును నమ్మక, లోపలి బైట్లను పరిశీలించి తిరస్కరిస్తుంది.

సిగ్నల్ మధ్యలో తెగితే మామూలు అప్‌లోడ్ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. ఫైలును ముక్కలుగా కోసి, చేరిన ముక్కలను సర్వరు గుర్తుంచుకునే ఏర్పాటు ఉంటేనే ఆగినచోటి నుంచి కొనసాగుతుంది. పంపకముందే ఫైలు సైజు బ్రౌజరుకు తెలుస్తుంది కాబట్టి, బటన్ పక్కనే హద్దును తెలుగులో రాసి, మించినప్పుడు వెంటనే హెచ్చరించి, ఫొటోను అక్కడే కుదించి ఇవ్వడం ఫారం తయారుచేసేవారికి అసాధ్యమేమీ కాదు. గడువు చివరి రోజున బలహీనమైన సిగ్నల్‌తో దరఖాస్తు పెట్టే పల్లె విద్యార్థికి అర్హత ఉండి కూడా అవకాశం చేజారకూడదంటే, ఈ బాధ్యతను అతని నెత్తిన వేయక, వెబ్‌సైటు నిర్మాతలే తీసుకోవాలి.