రోగి ప్రక్కన పాఠం

చెప్పడం తెలిసినవారందరికీ చేయడం తెలియదని లోకంలో ఒక మాట ఉన్నది. చేయడం తెలిసినవారందరికీ చెప్పడం చేతకాదన్నది కూడా అంతే నిజం. నర్సింగు విద్యార్థినులకు వార్డులో పని నేర్పడానికి క్రొత్తగా నియమితురాలైన నర్సుకు ఈ సంగతి మొదటి రోజుననే తెలిసివస్తుంది. పదేండ్లు పరిచర్యలో ఆరితేరిన చేయి ఆమెది. సూది వేయడం, నాడి చూడడం, కట్టు మార్చడం ఆలోచించకుండానే జరిగిపోతాయి. ఆ ఆలోచించకపోవడమే ఇప్పుడు అడ్డు. ఎలా చేశారని విద్యార్థిని అడిగితే మాట దొరకదు.

1984లో వెలువడిన తన గ్రంథంలో అమెరికా దేశపు పెట్రీషియా బెన్నర్ నర్సు నైపుణ్యాన్ని అయిదు మెట్లుగా వివరించింది. విమాన చోదకులను, చదరంగపు ఆటగాండ్రను పరిశీలించి డ్రైఫస్ సోదరులు చేసిన సిద్ధాంతాన్ని ఆమె పరిచర్యకు అన్వయించింది. క్రొత్తవారు నియమాన్ని పట్టుకొని నడుస్తారు. నిపుణులు సందర్భాన్ని చూచి నడుస్తారు. ఎంత నిపుణురాలైనా ఎరుగని రంగంలో అడుగుపెడితే తిరిగి మొదటి మెట్టే. బోధన అటువంటి రంగమే కదా!

ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1860లో లండనులోని సెంట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ నిధితో నర్సుల బడి వెలసినప్పుడు నైటింగేల్ స్వయంగా అక్కడ పాఠాలు చెప్పలేదు. రోగుల మంచాల మధ్య నిలిచి పని నేర్పినవారు వార్డు సిస్టర్లు. వారి పేర్లు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

మా తెలుగు తరగతిలో విద్యార్థి గణాలు తప్పితే ఎఱ్ఱసిరాతో ఒక గీత గీస్తే చాలును. వార్డులో అట్లా కాదు. మన దేశంలో ఇన్సులిన్ వేర్వేరు గాఢతలలో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల సీసాలోని మందును 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే అందులోకి వచ్చేది 20 యూనిట్లు కాదు, 50. అది ఒంటిలోకి పోతే రోగికి చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ కూడా తప్పవచ్చును.

విద్యార్థిని అట్లా తీస్తూ ఉండగా ప్రక్కనున్న గురువు ఏం చేయాలి? సిరంజి లాక్కొని తానే వేస్తే రోగికి ఆపద తప్పుతుంది, పాఠం మాత్రం అందదు. అక్కడే గద్దిస్తే పిల్ల బెదురుతుంది. మంచం మీది మనిషి అంతకంటె బెదురుతాడు. ‘ఒక్క నిమిషం, ఇటు రామ్మా’ అని ప్రక్కకు పిలిచి, ‘సీసా మీద ఏమున్నది? సిరంజి మీద ఏమున్నది? పైకి చదువు’ అనడమే మేలని నా అభిప్రాయం. చదువుతూ చదువుతూ ఆమె తానే ఆగిపోతుంది. అప్పుడు ఆ మందు పారవేయించి, సరియైన సిరంజి ఇచ్చి, మళ్ళీ ఆమె చేతనే తీయించాలి. అంతసేపు తన చేతులు కట్టుకొని నిలబడడమే క్రొత్త గురువుకు అన్నిటికంటె కష్టమైన పని.

తెలుగువాడిని గనుక మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ పిల్లలు పాఠం చదివేది ఇంగ్లీషులో. రోగి మూలిగేది తెలుగులో. ఇంగ్లీషులో ‘పెయిన్’ అని వ్రాసి ఊరుకొంటారు. మన పల్లెటూరి ముసలమ్మకు పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. కాళ్ళు పీకుతాయి, నరం గుంజుతుంది, కడుపులో దేవుతుంది. చీము పట్టిన వేలు సలుపుతుందంటుందే గాని పీకుతుందనదు. ఈ భేదాలలో రోగనిర్ణయానికి పనికివచ్చే ఆనవాళ్ళు ఉంటాయి. ‘నొప్పిగా ఉందట మేడమ్’ అని విద్యార్థిని వచ్చి చెబితే, ‘అవ్వ ఏ మాట అన్నది?’ అని గురువు తిరిగి అడగాలి. ఆ పిల్ల మళ్ళీ మంచం దగ్గరకు వెళ్ళి, ఈసారి స్టూలు లాక్కొని కూర్చుని వినాలి. చార్టులో ఇంగ్లీషు తరువాత వ్రాయవచ్చును.